వీపు చూపినవాడికి రాయి లేదు

నేను చేసిన మొదటి ఉద్యోగం, మనుషులు ఎలా చావాలో రాయడం. ఇంట్లో ఎవరైనా అడిగితే కంప్యూటర్ ఆఫీసులో రాతపని అని చెప్పేదాన్ని. అది అబద్ధమేమీ కాదు. మదనపల్లెలో ఒక మందుల దుకాణం మీది మేడలో రెండు గదులు మా ఆఫీసు. అక్కడ కొంతమందిమి కలిసి ఒక వీడియో గేమ్ తయారుచేశాం. మీరెవరూ దాన్ని ఆడి ఉండరు. అది బయటికి రాలేదు.

ఇప్పుడు నేను ఒక కాలేజీ గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. మధ్యాహ్నం పూట పిల్లలు నా బల్ల ఎదురుగా కూర్చుని ఫోన్లలో కత్తుల ఆటలు, తుపాకుల ఆటలు ఆడుకుంటారు. నేను ఒకప్పుడు అలాంటి ఆటకు చరిత్ర వెతికి, కథ రాసి పెట్టానని ఎలాగో వాళ్లకు తెలిసింది. ఆ పనిలోకి ఎలా పోవాలి మేడం అని అడుగుతున్నారు. నలుగురి ముందు నిలబడి చెప్పడం నాకు చేతకాదు. రాయడమైతే చేతనవును. ఆ పనిలోకి ఎలా పోవాలో తెలియదు గానీ, పోయిన మాకు ఏం జరిగిందో చెప్పగలను.

ఆఫీసు పెట్టినాయన బెంగుళూరులో పెద్ద కంపెనీకి ఆటలు చేసి చేసి విసిగి సొంత ఊరికి వచ్చినవాడు. మేమందరం ఆయన్ని అన్న అని పిలిచేవాళ్లం. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజు ఆయన చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది.

"అందురూ కోటలు, రాజులు పెట్టి ఆటలు తీస్తారమ్మా. మనకి కోట యాడుండాది? రాళ్లుండాయి, ఆవులుండాయి. వాటితోనే జేస్తాం. ఆ రాళ్ల కత ఏమో నువ్వు సదివి సెప్పు."

ఆ రాళ్లు మీరూ చూసి ఉంటారు. పుంగనూరు దాటి కుప్పం వైపు పోయే దారుల్లో, చేల గట్ల మీద, ముళ్ల కంపల మధ్య నిలబెట్టి ఉంటాయి. వీరగల్లులు అంటారు. పక్క సీమవాళ్లు ఆవుల మందను తోలుకుపోతుంటే అడ్డం పడి చచ్చినవాడికి ఊరు నిలబెట్టిన రాయి. చాలా రాళ్లలో మూడు వరుసల బొమ్మలుంటాయి. కింది వరుసలో ఆవులు, పోట్లాట. నడిమి వరుసలో వాణ్ణి ఇద్దరు దేవకన్నెలు చేతులు పట్టుకుని పైకి తీసుకుపోతుంటారు. పై వరుసలో వాడు దేవుడి ముందు కూర్చుని ఉంటాడు.

మా ఆట మొత్తం ఆ మూడు వరుసల్లోంచే పుట్టింది. మామూలు ఆటల్లో మనిషి చస్తే మళ్లీ మొదటి నుంచి లేస్తాడు. మా ఆటలో లేవడు. చచ్చినవాడు కాసేపు పైనుంచి తన ఊరిని చూస్తాడు. పడిన చోట రాయి లేస్తుంది. తర్వాత అదే ఇంట్లోంచి తమ్ముడో, కొడుకో, అల్లుడో కర్ర పట్టుకుని బయటికి వస్తాడు. వాడు ఆ రాయిని తాకితే దొంగలు ఏ దారిన వచ్చారో తెలుస్తుంది. కాబట్టి ఎలా బతకాలన్నదానికంటే ఎక్కడ చావాలన్నదే ఆడేవాడు ఆలోచించాలి. తుపాకులు లేని కాలం కాబట్టి దూరం నుంచి కొట్టడం లేదు. గుర్రాలు రాజులవి, మావాడికి కాళ్లే దిక్కు. ఎంతమందిని చంపాడన్నది లెక్కలోకి రాదు, ఆవులు ఇంటికి చేరాయా లేదా అన్నదే లెక్క. ఇవన్నీ మేము కూర్చుని కల్పించినవి కావు. ఆ కాలమే అలా ఉంది, ఆట దానికి తలవంచింది.

ఆటను మధ్యలో ఆపడానికి మీట కూడా పెట్టలేదు. అది అన్న పట్టుదల. "పోట్లాటలో నీళ్లు తాగొస్తానంటే శత్రువు నిలబడుకోనుంటాడా?" అనేవాడు.

మాకు ఒక టెస్టర్ ఉండేవాడు. పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. పొద్దస్తమానం ఆట ఆడి తప్పులు పట్టడం అతని ఉద్యోగం. నాలాంటి నోరులేనిదాన్ని కూడా నవ్వించేవాడు.

"ఈ పొద్దు బలే సోట సచ్చినానక్కా. వాగు మలుపులో. రేపు నా కొడుకు ఆడికే వస్తాడు, సూస్తాండు."

"నీకు పెండ్లే కాలేదు గదరా," అనేవాడు అన్న.

"ఆటలో ముగ్గురు కొడుకులన్నా. ముగ్గురూ సచ్చిపోయినారు."

ఆ ఆటలో ఒక నియమం మాత్రం పూర్తిగా నాది. నేను చూసిన రాళ్లలో ప్రతి వీరుడూ రొమ్ము ముందుకు పెట్టి ఉన్నాడు. బాణాలు గుచ్చుకుంటే రొమ్ముకే గుచ్చుకున్నాయి. వీపుకు దెబ్బ తిన్నవాడు ఒక్కడూ నాకు కనపడలేదు. దాన్ని పట్టుకుని ఒక వాక్యం రాసిచ్చాను: వీపు చూపినవాడికి రాయి లేదు. చివరి దెబ్బ తగిలే సమయానికి మనిషి శత్రువు వైపు తిరిగి ఉంటేనే రాయి లేస్తుంది. పారిపోతూ పడితే అక్కడ ఉత్త నేలే మిగులుతుంది. వాడి తర్వాత వచ్చేవాడికి ఏ సాయమూ ఉండదు. ఆ ఒక్క వాక్యంతో ఆటకు పదును వచ్చింది. అంతకుముందు సందు దొరికితే పరిగెత్తే టెస్టర్, గోడకు వీపు ఆనించి పోట్లాడడం మొదలుపెట్టాడు. ఆటను కొనడానికి ఆసక్తి చూపిన బెంగుళూరు కంపెనీ ప్రతినిధికి అన్నిటికంటే నచ్చింది కూడా అదే. ఆ రోజు ఇంటికి పోయి డైరీలో పేజీ నిండా రాసుకున్నాను. ఇప్పుడు ఆ పేజీ తిప్పి చూడను.

బొమ్మలకు కదలిక ఇచ్చే యానిమేటర్‌ది శాంతిపురం దగ్గర పల్లె. నాకంటే చిన్నవాడు, నాకంటే తక్కువ మాట్లాడేవాడు, అందుకే మాకు బాగా కుదిరింది. ఇంట్లో ఆవులు, కాస్త మెట్ట చేను. మా ఆటలో వీరుడు నడిచే నడక అతని తండ్రిది. ఒకసారి ఊరికి పోయినప్పుడు ఆవుల వెనక నడుస్తున్న తండ్రిని ఫోన్‌లో వీడియో తీసుకుని వచ్చి, దాన్ని చూసి ఆ నడక దించాడు. కర్ర మెడ మీద అడ్డంగా వేసుకుని, రెండు చేతులూ దాని మీదుగా వేలాడేసి, కుడికాలు కొంచెం పక్కకు వేస్తూ నడిచే నడక. తండ్రికి ఆ సంగతి చెబితే, "నా నడక దేనికిరా, సరైనోడెవుడూ దొరకలేదా?" అన్నాడట.

ఒక ఉదయం అతనికి ఫోన్ వచ్చింది. కుప్పం వైపు అడవి దాటి ఏనుగులు చేల మీదికి రావడం ఎప్పుడూ ఉన్నదే. ఆ రోజు ఒంటి ఏనుగు వచ్చింది. తెల్లవారి ఆవు కోసం చేనికి పోయిన తండ్రి తిరిగి రాలేదు. ఆవు వచ్చింది.

అన్న తన కారులో మమ్మల్నందరినీ తీసుకుని బయలుదేరాడు. పుంగనూరు దాటి, వెంకటగిరికోట దాటి పల్లె చేరాం. శవం ఇంకా ఆసుపత్రి నుంచి రాలేదు. వాకిట్లో కానుగ చెట్టు కింద మగవాళ్లు కూర్చుని ఎదురుచూస్తున్నారు. చనిపోయినాయన దాయాది ఒకాయన బీడీ ఆర్పి చెబుతున్నాడు.

"బోర్లా పడుండాడంట. వీపు మీదనే తొక్కిండాది. అంటే ఏమి? పరిగెత్తినాడనే గదా."

"ఏనుగొస్తే నువ్వు నిలబడుకోని దండం పెడతావా?" అన్నాడు పక్కనున్న ముసలాయన.

"నేను పెట్టనప్పా. అయితే ఆవు కోసరం పులికైనా ఎదురుపోతానని నేనెప్పుడూ కోతలు కొయ్యలే. ఆయప్ప కోసినాడు. ఆకరికి ఆవును ఇడిసిపెట్టి పరిగెత్తినాడు."

ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు. యానిమేటర్ స్తంభానికి ఆనుకుని నిలబడి అంతా విన్నాడు. కొంతసేపటికి నా దగ్గరికి వచ్చాడు. ఏడవడం లేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నవాడి గొంతుతో అడిగాడు.

"మన ఆటలో అయితే మా నాయనకి రాయి లేయదు గదక్కా."

"ఆట వేరే," అన్నాను.

"ఎట్ల వేరే? చరిత్ర అని నువ్వే గదా సెప్పింది."

అందులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

పనిలోకి వచ్చాక అతను అందరితో మామూలుగానే ఉన్నాడు. మామూలుగా లేనిది టెస్టరే. చావుల గురించి జోకులు మానేశాడు, చచ్చిన ప్రతిసారీ గొంతు సవరించుకునేవాడు. ఒక రోజు అతనే లేచి అన్న దగ్గరికి పోయాడు.

"ఒక తప్పుండాదన్నా. ఎట్ల సచ్చినా రాయి లేస్తాండాది. పరిగెత్తి సచ్చినా లేస్తాండాది. ఊరికే బాయిలో పడినా లేస్తాండాది."

"తప్పు కాదు," అన్నాడు యానిమేటర్ తన కుర్చీలోంచి. "నేనే మార్చినా."

మనిషి ఎటు తిరిగి ఉన్నాడో చూసే భాగం కదలికలకు సంబంధించింది కాబట్టి అతని చేతిలోనే ఉండేది. బెంగుళూరు కంపెనీ ఆయన ఆటను స్వయంగా ఆడి చూడడానికి రావలసిన రోజు దగ్గరపడుతోంది.

"మీ నాయన సంగతి నాకు తెలుసప్పా," అన్నాడు అన్న. "అయితే అందురికీ రాయి లేస్తే రాయికి ఏం యిలువ?"

"యిలువ ఎవురు కట్టినారన్నా?"

"చరిత్ర కట్టింది."

"చరిత్రలో మా నాయన అట్లా వాళ్లు లేరా? అందురూ ఎదురుపోయి సచ్చినోళ్లేనా?"

అన్న నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పమ్మా. నీ మాటే ఇది."

అందరూ నన్ను చూస్తుంటే నాకు మాట రాదు. మళ్లీ ఒకసారి రాళ్లు చూసి వచ్చి చెబుతానన్నాను. టెస్టర్ పుంగనూరు అవతల తనకు తెలిసిన రాళ్ల దగ్గరికి తన బండి మీద తీసుకుపోయాడు. చేల మధ్య మూడు రాళ్లున్నాయి. ఒకదాని ముఖం పూర్తిగా అరిగిపోయింది. ఇంకొకదాన్ని ఎవరో బట్టలు ఉతకడానికి వాడి పక్కకు వంచేశారు. మూడింటిలోనూ రొమ్ములే. వీపు ఎక్కడా లేదు.

"మొగాలు అరిగిపోయినా రొమ్ములు మాత్రం ఉండాయక్కా," అన్నాడు టెస్టర్.

అక్కడ నిలబడి ఉండగా ఎప్పుడో తట్టవలసిన ఆలోచన ఒకటి తట్టింది. ఈ రాయిని చెక్కించింది చచ్చినవాడు కాదు. మిగిలినవాళ్లు. తమ ఇంటివాడి వీపును ఎవరు చెక్కించుకుంటారు? రాళ్లను చదివి మనుషులు ఎలా చచ్చారో నేను తెలుసుకున్నాననుకున్నాను. వాళ్లను ఎలా గుర్తుపెట్టుకోవాలని ఇంట్లోవాళ్లు అనుకున్నారో మాత్రమే తెలుసుకున్నాను. అయినా ఇది వాదన. అన్న అడిగితే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎవరూ పరిగెత్తలేదని రాయి చెప్పదు, ఎవరైనా పరిగెత్తారనీ చెప్పదు.

పెద్దకర్మకు యానిమేటర్‌తో పాటు నేనూ పల్లెకు పోయాను. బంతిలో కూర్చుని తినడం, ఎవరు ఏమవుతారని అడిగితే చెప్పుకోవడం, ఇవి నావల్ల కావు. ఇంటి వెనక కొట్టం వైపు నడిచాను. అక్కడ అతని తల్లి ఆవుకు మేత వేస్తోంది. ఇంట్లో అంతమంది ఉండగా ఆమె కూడా ఇక్కడే ఉండడం నాకు ధైర్యం ఇచ్చింది.

"తప్పించుకున్న ఆవు ఇదేనామ్మా?" అని అడిగాను.

"తప్పించుకోలేదు పాపా. ఇడిపించినాడు."

ఆమె ఆవు మెడకున్న పలుపును చేతిలోకి తీసుకుని రెండో కొస నాకు చూపించింది.

"గూటం సేన్లోనే ఉండాది. పలుపు మాత్రం దీని మెడకి ఏలాడుకోని ఇంటికొచ్చింది. తెగింటే పీసులు లేసుండవా? సూడు, కొస ఎట్లుండేది అట్లనే ఉండాది. ఆయన గూటానికి ఏసే ముడి నేనే ఇప్పలేను. ఆవు ఇప్పుకుంటాదా?"

ఇక్కడ కొంచెం చెప్పాలి. చేలో ఆవును మేయడానికి వదిలినప్పుడు భూమిలో గూటం కొట్టి, మెడకున్న తాడు రెండో కొసను దానికి కడతారు. ఆవు బెదిరి లాక్కుంటే తాడు తెగాలి, లేదా గూటమే ఊడి తాడుతో పాటు రావాలి. ఈ రెండూ జరగలేదు. ఎవరో ముడి విప్పారు. ఆ చేలో ఆ పొద్దు ఉన్నది ఒక్కడే.

"ఈ మాట వాళ్లకి చెప్పలేదా మీరు?" అన్నాను. వాకిట్లోంచి దాయాది గొంతు వినపడుతూనే ఉంది.

"ఎవురడిగినారు?" ఆమె గడ్డి ఆవు ముందుకు తోసింది. "వచ్చినోళ్లంతా ఏనుగు ఎంత పెద్దదని అడిగినారు."

నేను వెనక్కి తిరిగేసరికి కొట్టం గడపలో కొడుకు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. చేని వైపు నడిచిపోయాడు. తిరిగి వచ్చేసరికి మోకాళ్లకు ఎర్రమన్ను అంటుకుని ఉంది.

మదనపల్లె బస్సులో అతను కిటికీ పక్కన కూర్చున్నాడు. పుంగనూరు దగ్గరపడుతుండగా అన్నాడు.

"ముడి ఇప్పాలంటే వంగాల గదక్కా."

"అవును."

"గూటం నేలకే ఉంటాది. బాగా వంగాల. వంగితే ఎనకాల ఏమొస్తాందో కనపడదు."

"కనపడదు."

"ఎనకనుంచి సూసినోళ్లకి వీపే కనపడతాది."

తర్వాత అతను కళ్లు మూసుకున్నాడు. నిద్రపోలేదు.

మరుసటి రోజు ఆఫీసు మిద్దె మీదికి నన్ను రమ్మన్నాడు. కొత్త కదలిక ఏది చెయ్యాలన్నా మా పద్ధతి అదే. ఒకరు చేసి చూపిస్తారు, ఒకరు ఫోన్‌లో తీస్తారు, దాన్ని చూసి బొమ్మను కదిలిస్తారు. నీళ్ల పైపుకు కింద ఒక తాడు కట్టాడు. తండ్రి వేసే ముడే వేశాడు. దాన్ని విప్పడానికి వంగే ముందు నాతో అన్నాడు.

"ఎనకనుంచి తియ్యక్కా. దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరికి రా."

ఎవరు వస్తున్నట్టు నేను నడవాలో నాకు అర్థమైంది. నడిచాను. అతను వంగి, రెండు చేతులతో ముడి మీద పెనుగులాడుతున్నాడు. నా అడుగుల చప్పుడుకు అతని భుజాలు బిగుసుకోవడం ఫోన్‌లో కనపడుతోంది, అయినా తల తిప్పడం లేదు. "ఇంకోసారి," అన్నాడు. మళ్లీ నడిచాను. ఎండ ఎక్కేదాకా అలాగే తీశాం. ఆ తర్వాత చాలాకాలం వరకు ఎవరి వెనకైనా నడవాల్సి వస్తే నేను ముందే గొంతు సవరించుకునేదాన్ని.

అన్నకు మేము చెప్పిన మార్పు ఇది. ఆటలో దొంగలు పట్టుకుపోయిన ఆవులు గూటాలకు కట్టి ఉంటాయి. వాటిని తోలుకురావాలంటే వంగి ముడి విప్పాలి. విప్పుతున్నంతసేపూ కత్తి పట్టుకోవడం కుదరదు, వెనక్కి చూడడం కుదరదు. చూడాలంటే ముడి వదిలెయ్యాలి, మళ్లీ మొదటి నుంచి విప్పుకోవాలి. ముడి మీద చెయ్యి ఉండగా చచ్చినవాడికి, వీపు ఎటున్నా సరే, రాయి లేస్తుంది.

"దీనికి ఆధారముండాదా?" అన్నాడు అన్న.

"లేదన్నా," అన్నాను. "కానీ ఊరు రాయి నిలబెట్టిందంటే ఆవులు ఊరికి చేరినట్టు. చేరాయంటే ఎవరో వాటిని విప్పినట్టు. ఆ పని రొమ్ము చూపిస్తూ చెయ్యలేరు."

నేను ఆ ఆఫీసులో మాట్లాడిన అతి పొడుగు మాట అదే. అన్న సరేనన్నాడు. టెస్టర్ ఆ రోజు సాయంత్రం కొత్త భాగం ఆడి, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"భయమేస్తాందక్కా. ఎనకాల అడుగులు వినపడతాండాయి. సూద్దామంటే ముడి ఇడిసిపెట్టాల. ఇంతకుముందు సచ్చేదే బాగుండె."

బెంగుళూరు ఆయన వచ్చిన రోజే యానిమేటర్ తల్లి కూడా కంటి ఆసుపత్రికని మదనపల్లె వచ్చింది. డాక్టరు మధ్యాహ్నం తర్వాత గానీ రాడని చెబితే, కొడుకు ఆమెను ఆఫీసుకు తెచ్చి వెనక వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె ఆటను చూస్తుందని మాకెవరికీ తోచలేదు. పెద్ద తెర పెట్టింది బెంగుళూరు ఆయన కోసం.

ఆయన మొదట టెస్టర్‌ను ఆడమని చూశాడు, తర్వాత తనే కీబోర్డు ముందు కూర్చున్నాడు. తెర మీద వీరుడు ఊరిలోంచి బయటికి వచ్చాడు. కర్ర మెడ మీద అడ్డంగా, చేతులు వేలాడేసి, కుడికాలు పక్కకు వేస్తూ.

"ఎవురిదప్పా ఆ నడక?" అంది తల్లి.

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ముందుకు వంగి చూస్తోంది.

వీరుడు గూటం దగ్గరికి చేరాడు. వంగాడు. ముడి మీద చేతులు వేశాడు. వెనక చెట్ల లోంచి ముగ్గురు బయటికి వచ్చారు. అడుగుల చప్పుడు గదంతా వినపడేలా స్పీకర్లు పెట్టి ఉన్నాయి.

"గుడ్, మంచి టెన్షన్," అన్నాడు బెంగుళూరు ఆయన.

"ఎనక సూడు," అంది తల్లి. ఆయనతో కాదు, తెరతో.

వీరుడు చూడలేదు. చూడడని మాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

"ఆపప్పా," అంది. "నాయనా, ఆపు."

యానిమేటర్ లేచి బెంగుళూరు ఆయన భుజం మీదుగా కీబోర్డు వైపు చెయ్యి చాచాడు. చెయ్యి మీటల మీద ఆగిపోయింది. ఆపడానికి అక్కడ ఏ మీటా లేదు. ముగ్గురిలో మొదటివాడు కత్తి ఎత్తాడు. యానిమేటర్ వంగి గోడ దగ్గరున్న ప్లగ్గు లాగేశాడు.

తెర నల్లబడింది. స్పీకర్లు మూగబోయాయి.

"ఏమైంది?" అన్నాడు బెంగుళూరు ఆయన వెనక్కి తిరిగి.

"కరెంటు పోయింది సార్," అన్నాడు అన్న.

మా తలల మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆయన దాన్ని చూశాడు. తర్వాత వెనక కుర్చీలో ఉన్నామెను చూశాడు. "సరే, వచ్చాక చూద్దాం," అన్నాడు. టెస్టర్ కిందికి పోయి అందరికీ టీ తెచ్చాడు.

ఆయన మంచివాడే. అయినా వారం తిరక్కుండా కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. వీరుడు వంగి తాడు విప్పుతుంటే ఆడేవాళ్లకు చేతులు కట్టేసినట్టు ఉంటుందట. ఆ భాగం తీసేసి, పాత నియమం పెడితే మాట్లాడదామన్నారు. అన్న ఆ రోజంతా ఆలోచించి, కుదరదని చెప్పాడు. ఎందుకు చెప్పాడో మేము అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ తర్వాత ఆఫీసు ఎంతో కాలం నిలబడలేదు. టెస్టర్ పుంగనూరులో సెల్‌ఫోన్ల దుకాణంలో చేరాడు. యానిమేటర్ బెంగుళూరు పోయి ప్రకటనలకు బొమ్మలు కదిలిస్తున్నాడు. పోయే ముందు ఆటలో చివరి మార్పు ఒకటి చేశాడు. ఆపడానికి మీట పెట్టాడు. ఎవరూ ఆడని ఆటకు మీట దేనికని మాలో ఎవరూ అడగలేదు.

ఈ పనిలోకి రావాలనుకునే మీకు నేను చెప్పగలిగింది తక్కువ. చరిత్రను ఆటలోకి తెచ్చినప్పుడు అది బొమ్మల బట్టలకూ కత్తులకూ పరిమితమై ఊరుకోదు. ఎవరు గెలిచినట్టో, ఎవరు పిరికివాళ్లో కూడా అదే చెబుతుంది. మీరు దాన్ని ఒక వాక్యంగా రాసి ఇస్తారు. ఆ వాక్యం ఒక రోజు ఎవరి వాకిట్లో కానుగ చెట్టు కింద కూర్చుంటుందో మీకు తెలియదు.

ఇటీవల కుప్పంలో పనుండి పోయినప్పుడు ఆ పల్లెకు వెళ్లాను. ఆ చనిపోయినాయనకు ఎవరూ రాయి నిలబెట్టలేదు. పరిగెత్తాడన్న మాటే ఊళ్లో నిలిచిపోయింది. కొడుకు ఆ ముడి సంగతి చెప్పి చూశాడట, విన్నవాళ్లు తల ఊపారట. తల్లి నన్ను చేనికి తీసుకుపోయింది. రాగి పంట కోసేసి ఉంది. చేని నడుమ గూటం అలాగే ఉంది. దున్నినప్పుడు దాన్ని పీకనివ్వలేదట. నాగలి దాని చుట్టూ తిరిగిన గుర్తు నేల మీద ఉంది.

గూటానికి ఒక మేక కట్టి ఉంది.

"మీదేనా?" అన్నాను.

"మాది యాడిది. ఆయప్పది," అంది. ఆయప్ప అంటే ఆ రోజు వాకిట్లో బీడీ ఆర్పి మాట్లాడిన దాయాది.

"కట్టుకోనిస్తున్నారా?"

ఆమె వంగి, మేక కాళ్లకు చుట్టుకున్న తాడును విడదీసింది.

"గూటముండేది కట్టేదానికే గదా పాపా," అంది.